కార్డుల ఆట: వినోదమా, పోటీయా?

ఆటలో తగవు సహజమని పెద్దలు తలంతురు. కాని తగవులన్నియు నొక్క తీరువి కావు. ఒకడు తొండి చేసినందున పుట్టు తగవు వేఱు. ఇద్దఱు రెండు వేర్వేఱు ఆటలాడుచు, తామొక్క ఆటయే ఆడుచున్నామని భ్రమించుటచే పుట్టు తగవు వేఱు. మొదటిదానియందు దోషి యొకడుండును గనుక విచారించి తీర్పు చెప్పవచ్చును. రెండవదానియందు ఇరుపక్షములవారును నియమము తప్పనివారే. అందువలన నది యెంత విచారించినను తెగదు. ఇటీవల విద్యార్థులలో వ్యాపించిన బొమ్మకార్డుల ఆటలయందు తఱచుగా కానవచ్చునది ఈ రెండవ తగవే. దీనిని గూర్చి ఉపాధ్యాయులును, తల్లిదండ్రులును, ముఖ్యముగా ఆడు విద్యార్థులును కొంత ఆలోచింపవలసియున్నది.

కార్డులను సేకరించు వాంఛ మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. పూర్వము బాలురు ఖాళీ అగ్గిపెట్టెల పైయట్టలను, సిగరెట్టు పెట్టెల యట్టలను ఏఱి దాచుకొని, వానినే పందెముగా నొడ్డి ఆడుచుండిరి. 1990వ దశకమునాటికి క్రికెట్టు ఆటగాండ్ర బొమ్మలును, కుస్తీవీరుల బొమ్మలును గల ట్రంపు కార్డులు అంగళ్లలో ప్రవేశించినవి. కార్డుపై నున్న అంకెలలో నొకదానిని చదువవలెను. ఎవరి అంకె మేలైనదో వారు ఎదుటివాని కార్డును గైకొనవలెను. అందు నేర్పు స్వల్పము, అదృష్టమధికము. నేడు వాని స్థానమును పోకెమాన్ మొదలగు కార్డులు ఆక్రమించినవి. చిన్న ఊళ్ల కొట్లలో తక్కువ వెలకు దొరకునవి తఱచు నకలు ముద్రణలు. డోర్నకల్లులో రైలెక్కి హైదరాబాదునకు పోయి వచ్చువారు తెచ్చుకొనునవి అసలువి. ఈ రెండును ఒకే బల్లమీద కలిసినప్పుడు చిక్కు మొదలగుచున్నది.

ఈ చిక్కునకు మూలము ఆట నిర్మాణమునందే కలదు. మన పేకాటలో 52 ముక్కలు గల పేక అందఱికిని ఉమ్మడి; దానినుండియే ముక్కలు పంచుకొందురు. నిర్మల చిత్రకారులు రంగులద్ది తయారుచేసిన గంజీఫా ముక్కల ఆటయు నట్టిదే. దశావతార గంజీఫాలో ముక్కలు 120. ధనికుడైనను దరిద్రుడైనను ఒకే కట్టనుండి తనకు వచ్చిన ముక్కలతో ఆడవలసినదే. 1993లో అమెరికాలో రిచర్డ్ గార్ఫీల్డ్ అను గణితశాస్త్రజ్ఞుడు కల్పించిన ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ అను ఆట ఈ పద్ధతిని మార్చివేసినది. ఇందు ఎవరి కట్ట వారిదే. లోపల నేమున్నదో తెలియని పొట్లములను కొని, వచ్చినవానిలో నచ్చినవానిని ఏర్చుకొని, తక్కినవానిని ఇతరులతో మార్పిడి చేసికొని, ప్రతివాడును తన కట్టను తానే కూర్చుకొనును. 1996లో జపానునందు వెలువడిన పోకెమాన్ కార్డుల ఆటయు నీ మార్గమునే త్రొక్కినది. కావున బల్లయొద్ద కూర్చుండుటకు ముందే సగము ఆట జరిగియుండును. ఆ సగమును ఒకడు గెలుపుకొఱకు జరిపియుండును. మఱొకడు తన కిష్టమైన బొమ్మలకొఱకు జరిపియుండును. నియమములు ఇద్దఱికి నొక్కటే, ఉద్దేశములు వేఱు.

గెలుపుకొఱకు ఆడుట దోషమని నేననను. పోటీకి కట్ట కూర్చుట మంచి లెక్కల పాఠము. పోకెమాన్ కట్టలో 60 కార్డులుండవలెను; మూలశక్తి కార్డులు తప్ప ఒకే పేరు గలవి 4కు మించరాదు. ఆరంభమున చేతికి 7 కార్డులు తీసికొందురు. ఒక కార్డు కట్టలో ఒక్కటే యున్నచో అది ఆ 7లో వచ్చు అవకాశము నూటికి 12కు లోపు. అట్టివి నాలుగున్నచో కనీస మొకటి వచ్చు అవకాశము నూటికి సుమారు 40. ఈ సంగతి నెఱిగి కట్ట కూర్చుకొను బాలిక సంభావ్యతను పుస్తకములో చదువకమునుపే తన చేతులతో నేర్చుకొన్నది. ఓడిన పిదప కార్డులను నిందింపక, తానే యెత్తున పొరపడెనో వెదకు బాలుడు మఱింత విలువైన పాఠము నేర్చుకొన్నాడు. మ్యాజిక్ ఆటకు 1994 నుండియు, పోకెమాన్ ఆటకు 2004 నుండియు ప్రపంచపు పోటీలు ఏర్పడినవి. పోకెమాన్ పోటీలలో ఆటగాండ్రను వయస్సునుబట్టి వేర్వేఱు తరగతులుగా విభజింతురు. పోటీయందును న్యాయము కలదనుట కిది నిదర్శనము.

వినోదమునకై ఆడుట కాలహరణమనువారితోను నేనేకీభవింపను. మన పిల్లల ఆటలలో ఒక చక్కని ఏర్పాటున్నది. పెద్దపిల్లలు దాగుడుమూతలాడుచుండగా వెంటబడి వచ్చిన చిన్నతమ్ముని వారు తఱిమివేయరు. ‘ఆటలో అరటిపండు’గా చేర్చుకొందురు. వాడు పరుగెత్తును, దాగును, నవ్వును. పట్టుబడినను దొంగ కాడు. ఈ నియమమును ఎవరును వ్రాసిపెట్టలేదు. వాడు ఏ ఆట ఆడుచున్నాడో ఆట మొదలు కాకమునుపే అందఱికిని తెలిసియుండుటచే ఎవరికిని నష్టము కలుగదు. అట్లే ‘ఉత్తుత్తి ఆట’ యని చెప్పి ఆడినపుడు ఓడినవాడు ఏడ్వడు, గెలిచినవాడు విఱ్ఱవీగడు. మన పల్లె పిల్లలు గోళీలాటయందు ఎఱిగిన ఈ మర్యాద కార్డులాటలోనికి రాలేదు.

ఇప్పుడొక బల్లను ఊహింపుడు. ఒకడు పండుగకు వచ్చిన డబ్బుతో కొన్న రెండు మూడు పొట్లముల కార్డులకు, స్నేహితులిచ్చినవానిని చేర్చి కట్ట కూర్చుకొన్నాడు. అందు తన కిష్టమైన బొమ్మలు కలవు. అవి బలమైనవా కావా యని యాతడు చూడలేదు. ఎదుటివాడు పోటీలో గెలిచినవారి కట్టను చూచి, వెల చూడక కార్డులు తెప్పించుకొన్నాడు. నాలుగెత్తులలో ఆట ముగిసినది. మొదటివాడు “ఇది అన్యాయ”మనును. రెండవవాడు “నేనే నియమమును తప్పితి”నని యడుగును. ఇద్దఱును సత్యమే పలుకుచున్నారు. కాని ఫలితమేమి? మొదటివాడు కార్డులను పెట్టెలో పడవేయును. రెండవవాని యెదుట నాలుగు దినములలో కూర్చుండువాడే యుండడు. తోడివాడు లేని గెలుపు ఎవరికి కావలెను?

ఇందు నాకు మిక్కిలి బాధ కలిగించునది గెలుపోటములు కావు, తలిదండ్రుల సంచి బరువు ఆటలోనికి వచ్చుట. చదరంగపు బల్లమీద కూలివాని కుమారునికిని, షావుకారు కుమారునికిని పదునాఱు కాయలే. ఇక్కడ అట్లు కాదు. డబ్బుతో ముడిపడిన ఆట ఎంతవఱకు పోవునో ఇటీవలి చరిత్రయే చెప్పుచున్నది. మ్యాజిక్ ఆటలో ‘కమాండర్’ అను పద్ధతి ఆటగాండ్రే తమ సంతోషమునకై కల్పించుకొన్నది. 100 కార్డుల కట్ట, సాధారణముగా నలుగురు ఆటగాండ్రు, మూలభూమి కార్డులు తప్ప ఏ కార్డైనను ఒక్కటే. స్వచ్ఛందముగా పనిచేయు చిన్న సంఘము దాని నియమములను చూచుచుండెను. 2024 సెప్టెంబరులో ఆ సంఘము 4 కార్డులను నిషేధింపగా, వానిలో కొన్ని మిక్కిలి వెలగలవి యగుటచే, సభ్యులకు దూషణలును బెదరింపులును వచ్చినవి. ఆ నెల ముగియకమునుపే వారు ఆ బాధ్యతను ప్రచురణకర్తల కప్పగించిరి. వినోదమునకై పుట్టిన ఆటయందే ఇట్లు జరిగినప్పుడు, దోషము పోటీయందున్నదని యెట్లనగలము?

కార్డులన్నియు జూదమే యని కొందఱు పెద్దలందురు. సికిందరాబాదులోని ఒక క్లబ్బు విషయమున 1967లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పుచు, రమ్మీ ముఖ్యముగా నేర్పుతో కూడిన ఆటయని నిర్ణయించెను. అయినను 2017లో తెలంగాణ ప్రభుత్వము డబ్బు పణముగా పెట్టి ఆన్‌లైనులో ఆడు రమ్మీని నిషేధించినది. అనగా కార్డు జూదము కాదు. పణము దానిని జూదముగా మార్చును. మ్యాజిక్ ఆటలోనే 1993 నాటి నియమములలో ఒక్కొక్క కార్డును పణముగా నొడ్డు పద్ధతి యుండెను. పిదప దానిని విడిచి, ఆ పద్ధతికి సంబంధించిన కార్డులను పోటీలలో నిషేధించిరి. పెద్దలు భయపడవలసినది ఆటను జూచి కాదు, లోపల నేమున్నదో తెలియక కొను పొట్లమును జూచి. ఈసారి అరుదైన కార్డు వచ్చునను ఆశతో పదే పదే కొనుట నేర్పు కాదు.

కావున నా యభిప్రాయమిది. వినోదమును పోటీయు రెండును ఉండవలెను. కాని ఆట మొదలు కాకమునుపే ఇది ఏ ఆటయో నోటితో చెప్పుకొనవలెను. కమాండర్ ఆటకు 2025లో ఏర్పఱచిన ఐదు తరగతుల ఉద్దేశమును ఇదియే: తన కట్ట యెంత బలమైనదో ముందుగా తెలిపి, తగినవారితో కూర్చుండుట. మన పిల్లలకు ఐదు తరగతులు అక్కఱలేదు, “ఉత్తుత్తి ఆటయా, పోటీయా?” అను నొక్క ప్రశ్న చాలును.

దీనితోపాటు మూడు మర్యాదలు పాటింపదగినవి. మొదటిది, గెలిచినవాడు ఓడినవాని కార్డును గైకొనరాదు. రెండవది, పాఠశాలలో పోటీ పెట్టునపుడు అందఱికిని సమానమైన కార్డులే యుండవలెను. ఒక ఉమ్మడి పెట్టెలో కార్డులు చేర్చి, ఒక్కొక్కరికి సమానసంఖ్యలో పంచి, వానితోనే కట్ట కూర్చుకొనుమనవచ్చును. పెద్ద పోటీలలోను మూయబడిన పొట్లములను సమానముగా ఇచ్చి ఆడించు పద్ధతి కలదు. అరుదైనవానిని విడిచి సామాన్యమైన కార్డులతోనే ఆడు పద్ధతియు కలదు. మూడవది, వినోదపు ఆటలో ఒకడే వరుసగా రెండుసార్లు గెలిచినచో, మూడవసారి ఇద్దఱును కట్టలు మార్చుకొనవలెను. అప్పుడును గెలిచినవాడు నిజముగా నేర్పఱి. అందఱును వానిని మెచ్చుకొందుము. ఓడినచో, ఇంతవఱకు గెలిచినది తాను కాదు, తన కట్టయేనని వానికే తెలియును, ఎవరును చెప్పనక్కఱలేదు.

విద్యార్థులారా, మీరు పెద్దవారైన పిదప ఈ కార్డులలో అనేకము పోవును, చినుగును, చెదపట్టును. కాని మీ యెదుట కూర్చుండిన వానిని మీరెట్లు చూచితిరో వాడు మఱువడు. పోటీయందు పూర్ణబలముతో ఆడుడు; అట్లు ఆడకున్నచో ఎదుటివానిని అవమానించినట్లే. స్నేహపు ఆటయందు మీ కట్టతోపాటు ఎదుటివాని సంతోషమునుగూడ లెక్కలోనికి తీసికొనుడు. ఏది యెప్పుడాడవలెనో ఎఱిగినవానితో ఆడుటకు ఎల్లరును వచ్చెదరు.