మద్యవ్యసన నిర్ధారణ: ఇంటివారి సాక్ష్యమే ఆధారం

ఒక వ్యక్తి వ్యసనపరుడని తేల్చడానికి సరిహద్దు గ్రామాలలో వాడుకలో ఉన్న కొలత ఒక్కటే: అతడు వీధిలో పడిపోవాలి. పొలానికి వెళ్లి వస్తున్నంతకాలం దానిని అలవాటు అనే అంటారు. వైద్యశాస్త్రపు కొలత వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరంలోనే అనేక కుటుంబాలు విలువైన సంవత్సరాలను పోగొట్టుకుంటున్నాయి.

2022 జనవరిలో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ 11వ వ్యాధుల వర్గీకరణ మూడు లక్షణాలను చూడమంటున్నది. మొదటిది, ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతలో ఆపాలి అన్న అదుపు తప్పడం. రెండవది, పని, సంసారం, ఆరోగ్యం అన్నీ మద్యం తరువాతి స్థానానికి జారిపోవడం. మూడవది, శరీరం లొంగిపోవడం. అంటే మోతాదు పెంచితే తప్ప మత్తు కలగకపోవడం, మానగానే చేతులు వణకడం, చెమటలు పట్టడం. వీటిలో కనీసం రెండు 12 నెలల కాలంలో పదే పదే కనిపిస్తే అది వ్యాధి. ప్రతిదినమూ తాగేవారి విషయంలో మూడు నెలల గమనింపు చాలును.

ఉదయపు వణుకును నీరసమని భావించి, ఒక గుక్క తాగగానే తగ్గినదని ఊరడిల్లే ఇళ్లున్నాయి. అలా తగ్గడమే వ్యాధికి బలమైన గుర్తు. అయ్యప్ప మాలలో 41 రోజులు మానినవానికి వ్యసనం లేదన్న వాదమూ నిలువదు. దీక్ష ముగిసిన పిదప అదుపు నిలిచినదా అన్నదే అసలు ప్రశ్న. మరొక ప్రమాదమున్నది. ఏళ్ల తరబడి అధికంగా తాగినవారు హఠాత్తుగా మానితే రెండు మూడు రోజులలోనే మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణం మీదికి రావచ్చు. గదిలో పెట్టి గొళ్లెం వేయడం చికిత్స కాజాలదు. మాన్పించడం వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి.

ఏ రక్తపరీక్షా ఒంటరిగా వ్యసనాన్ని తేల్చలేదు. కాలేయానికి జరిగిన హానిని అది చూపవచ్చును గాని, నిర్ధారణ జరిగేది ప్రశ్నలతోనే. అందుచేత భాష ముఖ్యం. కన్నడంలో అడిగిన ప్రశ్నకు తెలుగింటి ఇల్లాలు తలయూపి ఊరుకుంటే వైద్యునికి సగం చరిత్ర అందదు. ఎన్నాళ్లుగా, రోజుకెంత, మానినప్పుడు ఏమయింది అన్న వివరాలు ఒక కాగితం మీద రాసుకొని, రెండు భాషలూ తెలిసినవారిని వెంట తీసుకొని వెళ్లడం మేలు.

2019లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందినది. దేశానికంతటికీ నమూనాగా నిలిచిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1980వ దశకంలో సరిహద్దు జిల్లా అయిన బళ్లారిలోనే రూపుదిద్దుకున్నది. నేడు 14416 నంబరుకు చేస్తే తెలుగులోనూ ఉచిత సలహా లభిస్తున్నది. వీధిలో పడేదాకా వేచి ఉండనవసరం లేదు.