బీమా చిట్టాలు: చూచు హక్కెవరిది?

బీమా కంపెనీల చెంత మనలను గూర్చిన చిట్టాలు కలవు. ఏ యేట నే వ్యాధికి చికిత్స పొందితిమో, ఎంత సొమ్ము కోరితిమో, ఎంత మంజూరైనదో, ఏ క్లెయిము తిరస్కరింపబడినదో అందు వ్రాయబడియుండును. ఈ చిట్టాలను చూచు హక్కెవరికి గలదను ప్రశ్న దేశమందలి యే నగరముకంటెను హైదరాబాదునకు సన్నిహితమైనది. బీమా వ్యాపారమును శాసించు ప్రాధికార సంస్థ నానక్‌రామ్‌గూడలో నున్నది. ఆ సంస్థ 2009లో నెలకొల్పిన ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరోయు ఈ నగరముననే యున్నది. పాలసీల వివరములను, క్లెయిముల వివరములను కంపెనీలు ఈ బ్యూరోకు సమర్పించుచున్నవి.

చిట్టాను చూచువారు పలువురు. పాలసీ నిచ్చిన కంపెనీ చూచును. ఆసుపత్రి బిల్లులను పరిశీలించు మధ్యవర్తి సంస్థ చూచును. పాలసీదారుడు కంపెనీ మారదలచినచో క్రొత్త కంపెనీయు చూచును. ఇట్లు మారు సౌకర్యము ఆరోగ్య బీమాలో 2011 అక్టోబరు 1 నుండి కలిగినది. పాత కంపెనీ వివరములను 72 గంటలలో నందింపవలెననియు, అవి యందిన 5 దినములలో క్రొత్త కంపెనీ తన నిర్ణయమును తెలుపవలెననియు 2024 మే నెలలో ప్రాధికార సంస్థ శాసించినది. ఈ కట్టుబాటు మెచ్చదగినదే. కాని కంపెనీకి కంపెనీ చిట్టా నందించుటకు గంటలు లెక్కించినవారు, ఆ చిట్టా యెవరి శరీరమును గూర్చినదో ఆ మనుష్యునకు దాని నకలు ఏటేట నుచితముగా నందు ఏర్పాటు చేయరైరి.

దీనివలన కలుగు కీడు సామాన్యమైనది కాదు. ఆసుపత్రిలో గుమాస్తా యొకడు రోగికి రెండేండ్లనుండి యున్న రక్తపుపోటును పదేండ్లనుండి యున్నట్లు వ్రాసెననుకొనుడు. ఆ యొక్క యంకెవలన అతడు పాలసీ తీసికొన్ననాడు వ్యాధిని దాచెనను నింద కలుగును, క్లెయిము త్రోసివేయబడును. క్రొత్త కంపెనీయు ఆ వ్రాతనే చూచి వెనుదీయును. సొమ్ము పోయినప్పుడు గాని యా తప్పు అతని కంటబడదు. మన రైతులకు ఈ బాధ క్రొత్తది కాదు. కరణము లెక్కలను తన యింట బంధించియుంచిన దినములలో ఎందరి పొలములు కాగితముపై చేతులు మారినవో పెద్దలెరుగుదురు. వంశపారంపర్య కరణీకము 1984లో పోయినది. నేడు రైతు అడంగలు నకలును, పహాణీ నకలును అడిగి తీసికొనుచున్నాడు. భూమి విషయమున గెలిచిన హక్కు దేహము విషయమున నేల యుండరాదు?

మోసగాండ్రను పట్టుటకు చిట్టా లవసరమని కంపెనీలు చెప్పును. అది నిజమే. దొంగ క్లెయిముల భారము తుదకు సత్యవంతుల ప్రీమియముపైననే పడును. కాని తన వ్యాధులు తనకు తెలియనివా? వానిని గూర్చి పరులేమి వ్రాసిరో చూచుకొన్నంతమాత్రమున మోసమునకు దోహదమేమి కలుగును? బ్యాంకు అప్పుల విషయమున 2005లో చట్టము వచ్చినది. 2017 నుండి ప్రతివాడును తన ఋణ చరిత్రను సంవత్సరమున కొకసారి ఉచితముగా పొందుచున్నాడు. అందువలన బ్యాంకులు మునిగిపోలేదు. అమెరికాలో 1970 నాటి చట్టము ననుసరించి, ఇంటి బీమా, కారు బీమా క్లెయిముల నివేదికను అచటి పౌరుడు ఏటేట ఉచితముగా పొందవచ్చును, తప్పున్నచో ప్రశ్నింపవచ్చును. అచట స్థిరపడిన మన తెలుగువారికి ఆ హక్కు కలదు. ఇచటి వారి తల్లిదండ్రులకు లేదు.

ఇక హైటెక్ సిటీ విషయము. 1998 నవంబరులో సైబర్ టవర్సు తెరువబడిననాటినుండి ఆ ప్రాంతమున కంపెనీలు వెలసి, మన పల్లెల బిడ్డలకు కొలువులిచ్చినవి. ఉద్యోగులకు సామూహిక బీమా నిచ్చుట అచట పరిపాటి. పలుచోట్ల ఉద్యోగి తల్లిదండ్రులును అందు చేరుదురు. గుంటూరు పల్లెలోని తండ్రి గుండెజబ్బు, కరీంనగరము పల్లెలోని తల్లి కంటి శస్త్రచికిత్స కొడుకు కొలువుచేయు కంపెనీ పాలసీలోనికి ఎక్కును. కావున ఇది పట్టణపు యువకుల సమస్య మాత్రమే కాదు. మరుసటియేటి ప్రీమియమును నిర్ణయించుకొనుటకు యజమానికి మొత్తముల లెక్క చాలును. పేర్లతోను, రోగములతోను పనిలేదు. ఎవరికి కాన్పు, ఎవరికి మనోవ్యాధి అను సంగతి, పదోన్నతి నిచ్చు చేతులకు చేరరాదు.

2017 ఆగస్టు 24న సర్వోన్నత న్యాయస్థానపు తొమ్మండుగురు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. ముఖ్యభాగములు అమలగుటకు పదునెనిమిది నెలల గడువు పెట్టబడినది. ఆ చట్టపు 11వ విభాగము తన సమాచారమును తాను తెలిసికొను హక్కు నిచ్చుచున్నది. కాని ఆ హక్కు మన సమ్మతిపై సమాచారమును గైకొన్నవారియెడలనే చెల్లును. ఉద్యోగ ప్రయోజనములకై యజమాని సమ్మతి లేకయే సమాచారమును వాడుకొనుటకు 7వ విభాగము దారి విడిచినది. అట్టి యజమానిని, నా చిట్టా చూపుమని 11వ విభాగము క్రింద ఉద్యోగి యడుగజాలడు. కంచెలో నున్న యీ కంత పూడవలెను.

చిట్టాలు భద్రముగా నున్నవని ధైర్యము చెప్పుకొందమన్న నదియు లేదు. 2023 మార్చిలో సైబరాబాదు పోలీసులు 16.8 కోట్ల మంది వివరములను అమ్ముచుండిన ముఠాను పట్టుకొనిరి. అందు అప్పులకును, బీమాకును దరఖాస్తు చేసినవారి వివరములును ఉండెను. 2024 సెప్టెంబరులో స్టార్ హెల్త్ ఖాతాదారుల క్లెయిము పత్రములు, వైద్యపరీక్షల ఫలితములు టెలిగ్రాములో లభించుచున్నవని రాయిటర్సు వెల్లడించినది. మూడుకోట్ల పదిలక్షల మంది వివరములు తనవద్ద నున్నవని అపహర్త చెప్పుకొనెను. కంపెనీ మద్రాసు హైకోర్టు నాశ్రయించినది. దొంగకు సులభమైన చిట్టా దాని సొంతదారునకు దుర్లభమగుట కంటె విపరీతమేమున్నది?

మేము కోరునది స్వల్పము. ప్రతి పాలసీదారునకు తన క్లెయిముల చరిత్ర నకలు, దానిని ఎవరెవరు చూచిరను పట్టికతోగూడ, ఏటేట ఉచితముగా నందవలెను. తప్పు చూపిననాడు దానిని దిద్దుటకు గడువు నియమింపవలెను. యజమానికి మొత్తములు తప్ప పేర్లు ఇయ్యరాదు. ఈ మూడింటికిని ప్రాధికార సంస్థ ఉత్తరువు చాలునని మా యభిప్రాయము. కంపెనీల కొరకు 72 గంటల నియమము చేయగలిగిన నానక్‌రామ్‌గూడ కార్యాలయము, ప్రజల కొరకు అట్టి నియమమును చేయుటలో జాగు చేయదని ఆశించుచున్నాము. 7వ విభాగమును సవరించుట మాత్రము పార్లమెంటు పని. ఆంధ్ర, తెలంగాణ సభ్యులు ఆ భారము వహింపవలెను.