మొలకలు మిగలని మేపుల్ వనం

ఏటా అక్టోబరు చివర, నవంబరు మొదటి పక్షంలో టెక్సస్ హిల్ కంట్రీలో వాండర్‌పూల్ వైపు వెళ్లే దారిలో కార్లు బారులు తీరతాయి. ఆస్టిన్, శాన్ ఆంటోనియోల నుంచి వచ్చే జనంలో మనవాళ్లూ ఉంటారు. అందరి ధ్యాసా లాస్ట్ మేపుల్స్ లోయలో ఎరుపు తిరిగిన ఆకుల మీదే. తలెత్తి ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. ఆ అడవికి వచ్చిన కష్టం మాత్రం నేల వైపు చూస్తే గాని తెలియదు.

అసలు అంత ఎండల సీమలో మేపుల్ బతకడమే వింత. ఎడ్వర్డ్స్ పీఠభూమి అంతా సుమారు పది కోట్ల ఏళ్ల కిందటి సముద్రగర్భం మిగిల్చిన సున్నపురాయి. మన బొర్రా, బెలూం గుహలను తొలిచినట్టే ఇక్కడా వాననీరు రాతిని కరిగించి, పగుళ్లలోంచి దిగి, లోయ అడుగున ఊటలై పైకొస్తుంది. సబినాల్ నది కోసుకుపోయిన ఆ లోయల్లో నిటారు రాతిగోడలు ఎండకూ వడగాలికీ అడ్డు నిలుస్తాయి. మంచుయుగపు చల్లదనంలో విస్తరించిన బిగ్‌టూత్ మేపుల్, వాతావరణం ఎండిపోయాక ఇలాంటి నీడపట్టుల్లోనే తలదాచుకుంది. తేమ ఉన్నచోట మేపుల్, వాలుల మీద రెడ్ ఓక్, లేసీ ఓక్, పైన గుట్టల మీద జునిపర్. బంగారు చెంపల వార్బ్లర్ అనే చిన్న పిట్టకు ఈ కలగలుపే కావాలి. ముదురు జునిపర్ బెరడు పీచుతో, సాలెగూటి దారంతో గూడు కడుతుంది. తిండికి ఓక్ ఆకుల మీది పురుగులను ఏరుకుంటుంది. అది గుడ్లు పొదిగేది ప్రపంచం మొత్తంలో మధ్య టెక్సస్‌లోనే. 1990 నుంచి అది అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో ఉంది.

లోయలో ముసలి చెట్లకు కొదవ లేదు. రెక్కల గింజలు రాలుతాయి, మొలకలూ వస్తాయి. కానీ మోకాలెత్తు నుంచి మనిషెత్తు దాకా ఉండాల్సిన పడుచు మేపుల్స్ చాలా అరుదు. ఓక్ పరిస్థితీ అంతే. చాలాచోట్ల సుమారు ఐదడుగుల ఎత్తులో గీత గీసినట్టుగా పచ్చదనం ఆగిపోతుంది. జింక మూతికి అందేది అంతవరకే. ఘాటు నూనెలుండే జునిపర్‌ను అది అంతగా ముట్టదు. దాంతో మేపుల్, ఓక్ తగ్గేచోట జునిపర్ కమ్ముకొస్తోంది.

ఇన్ని జింకలు ఎక్కడివి? తోడేళ్లను ఇక్కడ ఎప్పుడో తుడిచిపెట్టారు. ఆ తర్వాత జింకల సంఖ్యకు పగ్గం వేసింది స్క్రూవార్మ్ ఈగ. అప్పుడే పుట్టిన కూన బొడ్డు పచ్చిగా ఉండగానే గుడ్లు పెట్టేది. పురుగులు బతికున్న మాంసాన్నే తినేవి. పశువులను కాపాడుకోవడానికి రేడియేషన్‌తో వంధ్యం చేసిన ఈగలను కోట్ల సంఖ్యలో వదిలి, 1960ల్లో ఆ పీడను చాలావరకు అణచివేశారు. రైతులకు అది నిజంగా గొప్ప మేలు. కానీ కూనలన్నీ బతకడం మొదలైతే లోయలో మొలకల గతేమిటని అప్పుడు ఎవరికీ తోచినట్టు లేదు.

ఓక్‌లకు మరో తెగులూ తోడైంది. తాజా కోతల గుండా ఓక్ విల్ట్ శిలీంధ్రం సోకితే రెడ్ ఓక్ కొద్ది వారాల్లోనే నిలువునా ఎండిపోతుంది. అందుకే ఫిబ్రవరి నుంచి జూన్ దాకా కొమ్మలు నరకొద్దని, ఎప్పుడు నరికినా కోతకు వెంటనే రంగు పూయాలని అటవీ సిబ్బంది చెబుతుంటారు.

1979లో ప్రజలకు తెరిచిన ఈ లాస్ట్ మేపుల్స్ ఉద్యానంలో సందర్శకుల అడుగులకు వేళ్ల చుట్టూ మట్టి గట్టిపడటం కూడా బెడదే. అయినా నా దృష్టిలో అసలు చిక్కు కంచె అవతల ఉంది. మొక్క చుట్టూ వల కడితే జింక నుంచి దాన్ని కాపాడొచ్చు. కొన్ని పార్కుల్లో శీతాకాలంలో సందర్శకులను ఆపి, అనుమతితో వేట సాగిస్తారు కూడా. కానీ టెక్సస్ భూమిలో తొంభై శాతానికి పైగా ప్రైవేటుదే. పశువుల పెంపకం గిట్టుబాటు కాని హిల్ కంట్రీ రాంచ్‌లకు వేట లీజులే ఆదరువు. లీజుకొచ్చేవాడికి కొమ్ములున్న జింక కనబడాలి. అందుకని మొక్కజొన్న పోసి మరీ వాటిని మేపుతున్నారు.