పండ్రెండుగురు కావలెను

గత మాసమున షోలాపురములోని మన సంఘ కార్యాలయమునకు ఒక సోదరి వచ్చినది. ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దపిల్ల రెండవ తరగతి చదువుచున్నది. చిన్నవానికి ఇంకను మూడేండ్లు నిండలేదు. రెండవ కాన్పు తరువాత ఉద్యోగము విడిచి, ఇంటనే కూర్చుండి, తానొక్కతెయే ఒక యాపును తయారుచేసినది. మరాఠీ బడులలో చదువుకొను మన పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పుట దాని పని. పిల్లలెరిగిన నాగరలిపి అక్షరము ప్రక్కనే తెలుగు అక్షరము కనబడును, తాకినచో పలుకును. మరాఠీ వర్ణమాలలో లేని ఎ, ఒ అను హ్రస్వములకు వేరుగా అభ్యాసములున్నవి. ఎద్దును 'ఏద్దు' అని వ్రాయు పిల్లలు మన యిండ్లలో ఎందరో యున్నారు గనుక, ఈ ఒక్క యేర్పాటే ఆమె శ్రద్ధకు నిదర్శనము.

ఆమె మనలను ధనసహాయ మడుగలేదు. పండ్రెండుగురు మనుష్యుల నడిగినది.

కారణము చెప్పవలసియున్నది. గూగుల్ ప్లేలో యాపులు పెట్టుటకు ఖాతా రుసుము 25 డాలర్లు. ఒక్కసారి చెల్లించిన చాలును. కాని 2023 నవంబరు 13 తరువాత వ్యక్తిగత ఖాతా తెరచినవారు, తమ యాపును లోకమునకు విడుదల చేయుటకు ముందు, కొందరిచేత ఎడతెగక 14 దినములు పరీక్ష చేయింపవలెనని నియమము. మొదట 20 మంది కావలసియుండగా, 2024 డిసెంబరులో ఆ సంఖ్యను 12కు తగ్గించిరి. సంస్థల పేర తెరచిన ఖాతాలకు ఈ నిర్బంధము లేదు. కావున ఈ భారమంతయు ఒంటరిగా పనిచేయువారిమీదనే పడుచున్నది. పసిబిడ్డను చంకనెత్తుకొన్న తల్లికి పండ్రెండుగురిని కూర్చుట యాపు నిర్మించుటకంటె కష్టమైనది.

మన సభ్యులు పదునలుగురు ఉత్సాహముతో పేర్లిచ్చిరి. పదవనాటికి తొమ్మండుగురే మిగిలిరి. లెక్క మరల మొదటికి వచ్చినది. పరీక్షనుండి వైదొలగినవారిలో మేమును ఒకరము. ఫోనులో చోటు చాలలేదని మేము చెప్పుకొంటిమి. ఆ చోటును శుభోదయపు బొమ్మలే ఆక్రమించియున్నవని తరువాత తెలిసికొంటిమి. క్షమాపణ చెప్పబోగా ఆమె యిట్లన్నది: "అన్నా, మెచ్చుకునుడు వద్దు. పద్నాలుగు దినాలు మీ ఫోన్ల ఉండనియ్యుండ్రి." మాకు తల యెత్తుటకు ముఖము లేకపోయినది.

ఇంటనుండి చేయు పని మనకు క్రొత్త కాదు. మగ్గము ప్రక్కన ఉయ్యాల కట్టి కండెలు చుట్టిన తల్లుల బిడ్డలము మనము. ఒడిలో చేట పెట్టుకొని, కాలితో ఉయ్యాల నూపుచు బీడీలు చుట్టిన చేతులు మన పేటలలో వేలకొలదిగా నున్నవి. ఇంటి పనికి ఒక శాపము గలదు: అది పనిగా ఎవరికిని కనబడదు. ఇంటివద్ద బీడీలు చుట్టువారిని గూడ శ్రామికులుగా నెంచుటకు 1966లో ప్రత్యేక చట్టము కావలసివచ్చినది. ప్రసూతి సెలవును 26 వారములకు పెంచిన 2017 నాటి సవరణ సైతము జీతముమీద పనిచేయు స్త్రీలనే ఉద్దేశించినది. తన పని తాను చేసికొనువారి నది తలపలేదు. నాడు చేటముందు కూర్చున్న తల్లికి పట్టిన గతియే నేడు కంప్యూటరు ముందు కూర్చున్న తల్లికిని పట్టుచున్నది. "ఇంట్లోనే యున్నదిగదా" అని పేరంటమునకు పిలుతురు, వంటకు పిలుతురు, పొరుగుపిల్లలను గూడ అప్పగింతురు. ఆమె పని తెల్లవారుజామునను, పిల్లలు నిద్రించిన పిమ్మటను సాగవలెను. పిల్లవానికి జ్వరము వచ్చిన రాత్రియే యాపు తెరచుకొనుటలేదని ఎవరో ఫిర్యాదు వ్రాయుదురు.

సరకు తయారగుట సగము వ్యాపారము. అమ్ముడుపోవుట తక్కిన సగము. ఇది దుకాణమున కూర్చున్న మాకు తెలిసిన సంగతి. యాపు స్టోరు ఒక మహాసంత. అందులో తెలిసినవారు చేయి చూపనిదే మూలనున్న అంగడికి ఎవరును రారు. అమ్మకములో సంతవానికిని వంతుండును. ఆ వంతును చిన్న నిర్మాతల విషయమున 2021లో గూగుల్, ఆపిల్ సంస్థలు రెండును నూటికి 30నుండి 15కు తగ్గించినవి. మిగిలినదానిలోనే ఆమె శ్రమకు కూలి గిట్టవలెను. అట్లుండగా మనలో పలువురు ఆమెను మొదట అడిగిన ప్రశ్న, "ఉచితమే గదా?" అని. మన బట్టను ఉచితముగా నెవరైన అడిగినచో మనమేమందుమో ఆలోచించుకొనవలెను. వెల వద్దన్నచో యాపు ప్రకటనలమీద బ్రతుకవలసివచ్చును. అక్షరములు దిద్దు పసివాని కన్నులముందు ప్రకటనలు ఆడుట మనకు సమ్మతమా? ఆమె అడుగు వెల ఒక సినిమా టిక్కెట్టును మించదు.

ఆ సోదరికిని, అట్టి పని చేయు తండ్రులకును మా మనవి యొకటి. దుకాణమునకు తలుపులు మూయు వేళ యున్నట్లే ఈ పనికిని వేళ నిర్ణయించుకొనుడు. ఫిర్యాదులకు ఏ దినమున బదులిత్తురో ముందే ప్రకటింపుడు. ఒక్క వస్తువును బాగుగా నిలబెట్టిన పిమ్మటనే రెండవదాని జోలికి పొండు.

సంఘము చేయదలచినవి మూడు. మొదటిది, పదునైదుగురి జాబితా. పండ్రెండుగురు చాలునన్నచో ఏమగునో చూచితిమి. మా పేరు మొదట వ్రాసియున్నాము; ఈసారి తప్పము. రెండవది, ప్రతి ఆదివారము ఉదయము రెండు గంటలసేపు సంఘ భవనమున పిల్లలను పెద్దలు కనిపెట్టుకొనియుండు ఏర్పాటు. ఆ రెండు గంటలు తల్లి పనికి చెందవలెను. మూడవది, శ్రావణ పూర్ణిమనాటి మార్కండేయ రథోత్సవమున ఒక బల్ల వేసి, వచ్చినవారికి ఈ యాపును చూపి, వెల యిచ్చి కొనుడని చెప్పుట.

మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు, చదువలేరు. ఈ కొరతనుగూర్చి ప్రతి వార్షిక సభయందును మనము విచారము వెలిబుచ్చుచున్నాము. ఒక తల్లి విచారము మాని పని చేసినది. ఆమె అడిగినది పదునాలుగు దినముల మాట నిలుకడ మాత్రమే. పేర్లు వచ్చు ఆదివారములోగా కార్యాలయమున నీయవలెను. పేరిచ్చి మధ్యలో వైదొలగువారు ఈయకుండుటయే మేలు.