జ్వరం పేరు ఒక్క చీటీతో తేల్చొద్దు

ఆంధ్రప్రదేశ్ ప్రజారోగ్య సంచాలకుల వారికి,

వానలు వెనకబట్టి, కోతకొచ్చిన వరిలో మినుములు చల్లే నాటికి మా కృష్ణా డెల్టాలో జ్వరాల కాలం మొదలవుతుంది. అవనిగడ్డ వైపైనా, గుడివాడ వైపైనా దారి ఒకటే. ముందు ఆర్‌ఎంపీ దగ్గర సూది, తగ్గకపోతే టౌన్‌లో రక్తపరీక్ష. విడాల్ పాజిటివ్, టైఫాయిడ్ అని చీటీ చేతికొస్తుంది. సెలైన్‌తో పాటు సెఫ్‌ట్రయాక్సోన్ ఎక్కిస్తారు. వారం గడిచినా జ్వరం దిగదు, ఆయాసం మొదలవుతుంది. అప్పుడు విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రులకు పరుగు. అక్కడ ఓ డాక్టరు బట్టలు తప్పించి చూస్తే చంకలోనో, మొలతాడు కిందో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు కనబడుతుంది. అది స్క్రబ్ టైఫస్ జబ్బు గుర్తు. పొదల్లో, గట్ల మీది గడ్డిలో ఉండే, కంటికి ఆనని నల్లి (మైట్) పిల్ల కుట్టిన చోటు అది. ఆ చెక్కు అందరిలోనూ ఉండదు. లేనివాళ్లకు రక్తపరీక్షే దిక్కు.

ఈ జబ్బుకు మందు లేక కాదు నా బాధ. డాక్సీసైక్లిన్ చాలా చవక, వేళకు పడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. టైఫాయిడ్‌కిచ్చే సెఫ్‌ట్రయాక్సోన్ మాత్రం దీని మీద పనిచేయదు. పేరు తప్పితే పోయేది డబ్బొక్కటే కాదు, కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతినక ముందున్న ఆ కొద్ది రోజులూ పోతాయి.

విడాల్ 1896 నాటి పరీక్ష. ఎప్పుడో వచ్చి తగ్గిన టైఫాయిడ్ వల్లా, టీకా వల్లా కూడా అది పాజిటివ్ చూపగలదు. టైఫాయిడ్ అని రూఢి కావాలంటే బ్లడ్ కల్చర్ చేయాలి. స్క్రబ్ టైఫస్‌కు వాడుతూ వచ్చిన వైల్-ఫెలిక్స్ పరీక్ష 1916 నాటిది. అందులో ఈ జబ్బు క్రిమి ఉండనే ఉండదు. ప్రోటియస్ అనే మరో బాక్టీరియాతో దానికున్న పోలిక మీద ఆధారపడి నడుస్తుంది, అందుకే ఎన్నో కేసులు దానికి చిక్కవు. ఈ జబ్బుపై ఐసీఎంఆర్ 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. ఐజీఎం ఎలైజా, పీసీఆర్ లాంటి పరీక్షలు మనకు తెలియనివి కావు.

మరి ఊరికి ఎందుకు అందడం లేదు? ఎలైజా ప్లేటులో 96 గుంతలుంటాయి. ఒక్కరి రక్తం కోసం నడిపినా పోల్చి చూసే కంట్రోల్ నమూనాలు పెట్టాల్సిందే, ఖర్చు తడిసి మోపెడవుతుంది. కాబట్టి నమూనాలు పోగయ్యే దాకా ల్యాబులు ఆగుతాయి. రోగి ఆగలేడు. పైగా ఐజీఎం అనే యాంటీబాడీ రక్తంలో తేలేది మొదటి వారం చివరికి. మూడో రోజు తీసిన రక్తంలో నెగటివ్ వస్తే జబ్బు లేదని కాదు. ఒకసారి వచ్చిన ఐజీఎం నెలల తరబడి నిలవగలదు, కాబట్టి ఒక్క పాజిటివ్ కూడా ఆఖరి మాట కాదు. జ్వరం ఎన్నో రోజున రక్తం తీశారన్నది రాయని రిపోర్టు సగం రిపోర్టే.

మన పిల్లలుంటున్న న్యూజెర్సీ, కనెక్టికట్‌లలో పిడుదు (టిక్) కుట్టి వచ్చే లైమ్ జబ్బుంది. అక్కడ 1995 నుంచి రెండంచెల పరీక్ష నియమం. మొదటిది పాజిటివో, అనుమానమో అయితేనే రెండోది చేస్తారు, రెండూ కలిస్తేనే రూఢి. అలాగని చర్మం మీద ఆ జబ్బు గుర్తు స్పష్టంగా కనబడితే రక్తపరీక్ష కోసం మందు ఆపరు. మనమూ అంతే చేయాలి. అనుమానం వచ్చిన రోజే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాలి, రుజువు వెనకాల నడవాలి.

ఇది మీ శాఖకు కొత్త విషయమూ కాదు. డెంగీ విషయంలో ర్యాపిడ్ కార్డును నమ్మి కేసు రూఢి చేయకూడదని, ఎలైజా కావాలని ప్రభుత్వమే చెబుతోంది. ఆ కట్టుబాటు స్క్రబ్ టైఫస్‌కూ పెట్టండి. విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాల ల్యాబ్ కోవిడ్ పరీక్షలు చేసింది. ఏలూరు, మచిలీపట్నంలో 2023లో వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఈ మూడు చోట్లా అక్టోబరు నుంచి జనవరి దాకా, నమూనాలు పది వచ్చినా సరే, ఎలైజా రోజూ నడపండి. కోవిడ్ నాడు పీహెచ్‌సీల నుంచి నమూనాలు కదిలాయి, ఫలితం ఫోనుకే వచ్చింది. ఆ ఏర్పాటునే మళ్లీ నిలబెట్టండి. తేలని కేసుల్లో రెండు వారాల తర్వాత రెండో నమూనా ఉచితంగా తీసుకోండి.

ప్రైవేటు ల్యాబులకు ఒక్క ఉత్తర్వు చాలు. ఏ పద్ధతిలో చేశారో, జ్వరం ఎన్నో రోజో రిపోర్టు మీద అచ్చవ్వాలి. ఒంటరి విడాల్, వైల్-ఫెలిక్స్ ఫలితం కింద నిర్ధారణ కాదని తెలుగులో రాయాలి. ఎలైజా పాజిటివ్‌లన్నీ మీ నిఘా పోర్టల్‌లోకి చేరాలి. ఏ మండలంలో ఎన్ని కేసులో తెలియకుండా పొదలు కొట్టించాలన్నా, ఆ నల్లుల్ని మోసే ఎలుకల్ని అదుపు చేయాలన్నా ఎక్కడ మొదలుపెడతారు?

కూలికెళ్లిన ఆడవాళ్లే గట్ల మీద కూర్చుని అన్నం తింటారు, గడ్డి మోపులు మోస్తారు. నడుం దగ్గర మచ్చ ఉందని మగ డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడతారు. చూపించమని అడిగే ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త ఈ పనిలో మీకు ల్యాబంత అవసరం. వాళ్లకు ఆ చెక్కు ఫొటోలు చూపించి, వచ్చే కోతల లోపే శిక్షణ ఇప్పించండి. ల్యాబులకిచ్చే ఆ ఉత్తర్వు కూడా ఈ అక్టోబరు దాటకుండా ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
కృష్ణా డెల్టా పౌరుడు