గరిక ఎండినా చిగురిస్తుంది

2024 మార్చిలో నీటి ఎద్దడి ముదిరినప్పుడు బెంగళూరు జలమండలి తోటలకు తాగునీరు వాడరాదని శాసించి, ఉల్లంఘనకు రూ.5,000 జరిమానా విధించింది. ఇక గోల్ఫ్ మైదానాల పచ్చదనానికి తగిన ఆధారం శుద్ధిచేసిన మురుగునీరే. కానీ ఆ నీటికి కోలారు పల్లెలు కూడా హక్కుదారులే. కోరమంగల–చల్లఘట్ట పథకం ద్వారా 2018 నుండి మన చెరువులు నిండుతున్నది ఆ నీటితోనే. రెండు దశల శుద్ధి చాలదని, మూడో దశ కావాలని రైతులు చిరకాలంగా కోరుతున్నారు.

బంతి పడే గుంత చుట్టూ గడ్డిని మిక్కిలి కురచగా కత్తిరిస్తారు గనుక దానికి తరచూ తడి అవసరం. మిగిలిన విశాల మైదానంలోని గరిక ఎండినా తొలకరికి చిగురిస్తుంది. కనుక కరవు నెలల్లో తడిని గుంతల చుట్టూ పరిమితం చేసి, ఆదా అయిన నీటిని మరింత శుద్ధిచేసి చెరువులకు మళ్లించడమే న్యాయం. ఎండిన పైరు మాత్రం మళ్లీ చిగురించదు.