కాయ కోతకు చేతులేవీ?

సంక్రాంతికి మన ఊళ్లు నిండిపోతాయి. హైదరాబాద్, విజయవాడ, చెన్నై నుంచి పిల్లలంతా దిగుతారు. అప్పటికి మామిడి పూత మీద ఉంటుంది. అదే కాయ కోతకొచ్చే ఏప్రిల్, మే నెలల్లో చూడండి, చాలా ఇళ్లలో మిగిలేది ముసలాళ్లిద్దరే. చెట్టెక్కేదెవరు?

అందుకే గరివిడి చుట్టుపక్కల అరెకరం, ఎకరం తోట ఉన్న పెద్దవాళ్లు పూత మీదే బేరం ఇచ్చేస్తున్నారు. పిందె నిలుస్తుందో లేదో తెలియకముందే షావుకారు ఓ ధర చెబుతాడు. గాలివాన భయం అతనిదే, కాదనను. ఆ భయానికి తగ్గించే సొమ్ము మాత్రం మనది.

కిందటి వేసవిలో బేరం కుదరక తోట తమ దగ్గరే ఉంచుకున్న ఒక బాబాయ్, పిన్నిలకు మేం నలుగురం రెండు రోజులు సాయం పట్టాం. ఆయనకు డెబ్బై దాటాయి. అంతకుముందు ఏడాదే కొమ్మ మీంచి జారి చేయి విరిగింది. మేం వెళ్లేసరికి మళ్లీ నిచ్చెన వేస్తున్నాడు. దిగు బాబాయ్ అంటే, "నానెక్కకపోతే ఎవులెక్కుతారు బాబూ, సెట్టు మీదే ముగ్గి రాలిపోతన్నాయి" అన్నాడు.

మొదటి గంట మేం చేసింది సాయం కాదు, నష్టం. సువర్ణరేఖ, అదే మన సుందరి, ఎర్రగా కనిపించినదల్లా లాగేశాం. బాబాయ్ ఒక్కో కాయా తిప్పి చూసి చివాట్లు పెట్టాడు. రంగు చూసి కోయకూడదు. తొడిమ చుట్టూ భుజాలు నిండాలి. అనుమానమైతే నీళ్లలో వేయండి. ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. కర్ర విసిరి రాల్చవద్దు. చిక్కంతో, అంగుళం తొడిమ ఉంచి కోయండి. తొడిమ మొదలంటా ఊడితే సొన కారి తొక్క నల్లబడుతుంది, ఆ మచ్చ చూసే బజార్లో ధర కోస్తారు. కోసిన కాయల్ని నీడలో తలకిందులుగా పెట్టి సొన కారనివ్వండి. ముగ్గబెట్టడానికి వరిగడ్డి చాలు. కార్బైడ్ జోలికి పోకండి, ఆహార భద్రత నిబంధనలు 2011లోనూ దాన్ని నిషేధించాయి.

ఆటో కిరాయి, ట్రేల ఖర్చు పోను ఆ దంపతులకు పూత బేరం కన్నా కాస్త ఎక్కువే మిగిలింది. బోలెడు మిగిలిందని చెబితే అబద్ధం. కానీ ఆయన చెట్టెక్కలేదు. నాకు అదే పెద్ద లెక్క.

ఈ గోడు మనొక్కరిదే కాదు. జపాన్‌లో 2020 లెక్కల ప్రకారం సేద్యమే ముఖ్యమైన పనిగా ఉన్నవాళ్ల సగటు వయసు 67 దాటింది. అక్కడ ఎహిమె ప్రాంతంలో కొండవాలు తోటల్లో నారింజ జాతి పండ్లు కోసేందుకు నవంబరు, డిసెంబరుల్లో పై ఊళ్ల కుర్రాళ్లు వస్తారు. కొందరు రైతు ఇంట్లోనే ఉండి, తిని, కూలి తీసుకుని వెళతారు.

మనకు అంత దూరం చూడాల్సిన పనేముంది? ఉభాలకు బదులు పని చేసుకున్నవాళ్లమే కదా. ఇవాళ నీ మడి, రేపు నా మడి. మామిడికి మాత్రం ఆ లెక్క ఎందుకు పనికిరాదు? ఉత్తినే చేయమని నేననడం లేదు. కూలి ఇవ్వగలిగినవాళ్లు ఇవ్వాలి. ఇవ్వలేని పెద్దాయన మీ కళ్లానికి రెండు రాత్రులు కాపలా ఉంటాడు, మీరు ఊరెళితే మీ గేదెకు గడ్డి వేస్తాడు. ఏ కాయ ఎప్పుడు కోయాలో మీ అబ్బాయికి చూపిస్తాడు, అది చిన్న బదులేమీ కాదు.

నలుగురైదుగురు కలిసి వంతు వేసుకోండి. ముందు కోతకొచ్చిన తోట ముందు. పండక్కి వచ్చిన కుర్రాళ్లతోనూ అప్పుడే కదపండి, వేసవిలో రెండు రోజులు సెలవు పెట్టగలరేమో. ఆ మాట పెద్దాయన చెవిన కూడా పూత రాకముందే వేయాలి. షావుకారు బయానా చేతిలో పెట్టేశాక మనం నిచ్చెన పట్టుకెళ్లి ఏం చేస్తాం?